మూడో పేజీలో వేలిముద్ర

కోర్టు మూడో అంతస్తు వరండాలో ఉన్నది ఒకే ఒక్క బల్ల. కొట్టినవాడూ, దెబ్బలు తిన్నదీ ఇద్దరూ దానిమీదే కూర్చోవాలి. ఆ భవనం కట్టినవాళ్లకు ఈ సంగతి తట్టలేదో, తట్టినా రెండో బల్లకు చెక్క దొరకలేదో తెలియదు. బాసిలియా తార్కి మాత్రం ఆ బల్లమీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఏడాదిన్నరలో తొమ్మిది వాయిదాలు, తొమ్మిదింటికీ కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె మొగుడు లింబెర్ బల్ల చివర కాళ్లు చాపుకుని ఫోన్‌లో ఫుట్‌బాల్ చూసుకునేవాడు. "కూర్చోవే, నేనేం కరవను" అన్నాడొకసారి, పక్కనున్న నలుగురికీ వినపడేలా. నలుగురూ నవ్వారు కూడా. నవ్వరూ మరి! మినీబస్సు తోలేవాడు, రోజుకు వందమందితో పరాచికాలాడేవాడు. బయటివాళ్లను నవ్వించడం వాడికి వెన్నతో పెట్టిన విద్య.

తొమ్మిది వాయిదాల్లో నాలుగు జడ్జి సెలవు వల్లా, రెండేమో రోడ్ల దిగ్బంధం వల్లా, ఒకటి ఫైలు కనపడక వాయిదా పడ్డాయి. ఎల్ ఆల్తో ఊళ్లో నల్లకోటు వేసిన ప్రతివాళ్లనూ డాక్టర్ అనే పిలవాలి. జడ్జీ డాక్టరే, లాయరూ డాక్టరే. ఇంతమంది డాక్టర్లున్న చోట ఒక్కరి ఒళ్లూ బాగుపడ్డ దాఖలా లేదు. ప్రభుత్వం తరఫున బాసిలియాకు ఉచితంగా ఇచ్చిన లాయరు ఇప్పటికి మూడోవాడు. కుర్రవాడు, చంకలో నలభై ఫైళ్లు. ప్రతిసారీ ఆమెను పలకరించేముందు ఫైలు మీద పేరు చదువుకునేవాడు.

అడుగుతున్నది ఆస్తి కాదు, పాస్తి కాదు. కూతురు జుల్మాకు ఆరేళ్లు. ప్రతి శుక్రవారం సాయంత్రం పిల్లను తన ఇంటికి తీసుకెళ్లి ఆదివారం దిగబెడతానని లింబెర్ దరఖాస్తు పెట్టాడు. చూడాలనుకుంటే ఎవరో ఒకరి ఎదుట చూడమని బాసిలియా అంది. ఎందుకన్నదో ఆమెకు తెలుసు. కిందటేడు కార్నివాల్ రోజుల్లో పిల్లను ఐస్‌క్రీమ్‌కని మినీబస్సు ఎక్కించుకుని రెండు రోజులు తీసుకురాలేదు వాడు. నువ్వు తిరిగి ఇంటికొస్తే పిల్లా వస్తుందని ఫోన్ చేశాడు. మూడోరోజు తెచ్చి వదిలాడు. అప్పటినుంచి పిల్ల పక్క తడుపుతోంది, ఇంజను చప్పుడు వింటే మంచం కిందికి దూరుతోంది. ఈ వాయిదాలో గనక జడ్జి వాడికి సరే అంటే, వచ్చే శుక్రవారమే జుల్మా ఆ బండి ఎక్కాలి.

ఇంత స్పష్టమైన సంగతికి రుజువేమిటంటే బాసిలియా దగ్గర ఉన్నది ఒకే కాగితం. అదీ ఆమెకే ఎదురు తిరిగింది. ఇల్లు వదిలి వచ్చిన రెండు రోజులకు పోలీసులు ఆమెను ప్రభుత్వ డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన మెడమీద మచ్చలు చూసి, ఎన్నిరోజులు పనికి పోలేకపోయావని అడిగాడు. అక్కడి లెక్కంతా అదే. దెబ్బను రోజుల్లో కొలుస్తారు. బాసిలియా తెల్లవారుజామునే సంత మలుపులో ఆపి అనే పానీయం అమ్ముతుంది. ఆపి అంటే ఊదారంగు మొక్కజొన్న జావ, దాల్చినచెక్క వేసి పొగలు కక్కుతుంటే గ్లాసుల్లో పోయాలి. పదకొండేళ్లలో ఒక్కరోజు పొయ్యి ఆర్పలేదామె. జ్వరమొచ్చినా ఆర్పలేదు, పురిటికి ముందురోజూ ఆర్పలేదు. అది ఆమె పరువు. అందుకే తల ఎత్తి, ఒక్కరోజు కూడా మానలేదు డాక్టర్, మర్నాడే పొయ్యి వెలిగించానంది. ఆయన సున్నా అని రాశాడు. సున్నా రోజులు! ఆ సున్నా ఏడాదిన్నరగా ఫైలులో కూర్చుని ఆమె మొహం చూసి ఇకిలిస్తోంది. పనిమంతురాలిని అని చెప్పుకోవడమే తప్పయిపోయే చోటు ఒకటుందని ఆమెకు ఎవరు చెప్పారు గనక?

పదో వాయిదా గురువారం. దానికి ముందురోజు బాసిలియా ఒక పని చేసింది. పెద్ద బుట్టనిండా రొట్టెలు, పైన అరటిపళ్లు, కమలాలు, రెండు సోడా బుడ్లు పెట్టి, మీద తెల్లగుడ్డ కప్పి, పెళ్లిపెద్దల ఇంటి మెట్లు ఎక్కింది.

పెళ్లిపెద్దలు అంటే అక్కడ ఊరికే అక్షింతలు వేసి పోయేవాళ్లు కారు. పెళ్లికి ముందు ఇలాగే బుట్ట మోసుకెళ్లి, మోకాళ్లమీద కూర్చుని, మాకు పెద్దలుగా ఉండండని ఒక జంటను వేడుకోవాలి. బుట్ట లోపలికి తీసుకుంటే ఒప్పుకున్నట్టు. ఖాళీ బుట్ట తిరిగివచ్చిందంటే ఇక మాట తప్పడం ఉండదు. ఆ తర్వాత బతికినంతకాలం ఆ మొగుడూ పెళ్లాల చెవులు మెలిపెట్టే హక్కు వాళ్లది. ఆయన్ను పద్రీనో అని, ఆవిడను మద్రీనా అని పిలవాలి. బాసిలియా పెళ్లికి పెద్దలు దోన్ సెవెరో, ఆయన భార్య దోన్యా ఈలారియా. దోన్ సెవెరో డ్రైవర్ల సంఘానికి ఇరవైరెండేళ్లు కార్యదర్శి. తీర్మానం రాయకపోతే ఆయనకు ముద్ద దిగదు. ఇంట్లో నల్లట్టల పుస్తకమొకటి పెట్టుకున్నాడు. తను పెద్దరికం వహించిన పెళ్లిళ్లలో ఏ గొడవ వచ్చినా, మొగుణ్ణీ పెళ్లాన్నీ ముందుగదిలో కూర్చోబెట్టి, నమలడానికి బల్లమీద కోకా ఆకులు పోసి, ఇద్దరినీ తిట్టి, ఆ పుస్తకంలో రాజీపత్రం రాసి సంతకాలు పెట్టించేవాడు. తప్పు ఒకరిదే అయినా ఇద్దరిదీ అని రాయడం ఆయన పద్ధతి. ఒకరిమీద తోస్తే ఇల్లు విరుగుతుందట. విరిగింది ఇల్లు కాదు, వేరే అని ఆయనకు చెప్పేవాళ్లు లేరు.

బాసిలియా విషయంలో అలాంటివి నాలుగు రాశాడు.

ఆ ముందుగదిలో జరిగింది పుస్తకంలో ఉంది. వంటింట్లో జరిగింది ఎక్కడా లేదు. ప్రతిసారీ దోన్యా ఈలారియా ఆమెను వంటింట్లోకి లాక్కెళ్లి మొహం కడిగి, వాచినచోట చల్లటి బంగాళదుంప ముక్కలు అద్ది, ఆపైన ముందుగదిలోకి పంపేది. చూసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. అందుకే బుట్ట.

దోన్యా ఈలారియా గుమ్మంలోనే నిలబడి బుట్ట వంక చూసి, మళ్లీ ఏ పెళ్లి పెట్టుకున్నావే అంది. కోర్టుకొచ్చి చూసింది చూసినట్టు చెప్పమని బాసిలియా అడిగింది. లింబెర్ తనకూ బిడ్డలాంటివాడేనంది పెద్దావిడ. పెళ్లిపెద్దలిద్దరికీ నోరు ఒకటేనంది. మొగుడు వాడి తరఫున పుస్తకం పట్టుకుని రేపు కోర్టుకు వెళుతున్నాడని, తను వెళ్లి ఇంకోమాట చెబితే నలభై ఏళ్ల కాపురంలో మొట్టమొదటిసారి ఆయన మాటకు ఎదురు చెప్పినట్టవుతుందని అంది.

"బుట్ట తీసుకుపో పిల్లా. నేను ముట్టుకోలేదు, చూడు."

"ఇక్కడ పెడుతున్నా మద్రీనా. కుక్కలు తింటే తిననీ."

గుమ్మం పక్కన దించి వెనక్కి చూడకుండా దిగిపోయింది బాసిలియా. వీధి మలుపు తిరిగాక మాత్రం ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు అది.

గురువారం పదింటికి లోపలికి పిలిచారు. జడ్జి డాక్టర్ అరామయో, యాభై దాటిన ఆడమనిషి, ఈ కేసుకు రెండో జడ్జి. వేడినీళ్ల సంచీ ఒళ్లో పెట్టుకుని వింటోంది, గదిలో అంత చలి. లింబెర్ లాయరు నున్నగా దువ్వుకున్న తలతో లేచి ముందు ఆ సున్నా కాగితం చదివాడు. తర్వాత దోన్ సెవెరోను పిలిచి, నల్లట్టల పుస్తకాన్ని పవిత్ర గ్రంథంలా రెండు చేతులతో జడ్జి బల్లమీద పెట్టించాడు. నాలుగు రాజీపత్రాలూ గొంతెత్తి చదివాడు. ఇరుపక్షాలూ ఒకరినొకరు క్షమించుకుని, ఇకమీదట ఒకరిమీద ఒకరు చెయ్యిగానీ నోరుగానీ ఎత్తబోమని మాట ఇస్తున్నారు. నాలుగింటిలోనూ అదే మాట. అంటే ఏమిటి? చెయ్యి ఇద్దరూ ఎత్తారు, తప్పు ఇద్దరిదీ, ఆమే స్వయంగా ఒప్పుకుని సంతకం పెట్టింది. మామూలు సంసారంలో మామూలు గొడవలు. దానికోసం తండ్రికి బిడ్డను దూరం చేయడం బిడ్డకు విషం నూరిపోయడమేనని లాయరు తేల్చాడు. దోన్ సెవెరో టోపీ ఒళ్లో పెట్టుకుని తల ఊపాడు.

ఉచిత లాయరు ఫైలు తిప్పుతున్నాడు. ఆ పుస్తకం సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది. మరో వాయిదా అడుగుదామా అని బాసిలియా చెవిలో గొణిగాడు.

వాయిదా అంటే ఈలోగా వాడు అడిగినట్టు శుక్రవారాలు ఇచ్చేస్తారు. బాసిలియాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి తనచేత సంతకాలు పెట్టించుకున్న పుస్తకాన్ని తను ఒక్కసారీ చదవలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. లేచి, ఆ పుస్తకం తనకొకసారి చూపించమంది. లాయరు చెబితేనే మాట్లాడాలని గుమాస్తా గద్దించాడు. సంతకం నాదంటున్నారు కదా, నాదో కాదో నేను చూసుకోవద్దా అందామె. జడ్జి చెయ్యి ఊపింది, చూపించమని.

మొదటి పేజీలో ఆమె సంతకం. పెళ్లయిన ఏడాదికి, గుండ్రటి అక్షరాలు. రెండో దానిలో సంతకం, కాస్త వంకర. నాలుగోదానిలో సంతకం. మూడోదాని కింద మాత్రం నీలం రంగు వేలిముద్ర.

చూడగానే ఆమె కుడిచెయ్యి దానంతటదే ముడుచుకుంది.

"డాక్టర్, మూడో పేజీ చూడండి. అక్కడ సంతకం లేదు, వేలిముద్ర ఉంది."

జడ్జి చూసేలోపే నున్నటి తల లాయరు నవ్వాడు. ఇందులో వింతేముంది, కుచ్చుల పావడా కట్టే ఈ ఆదివాసీ ఆడవాళ్లలో చాలామందికి సంతకం రాదు, వేలిముద్ర మామూలేనన్నాడు. వరండాలో అయితే దీనికీ నవ్వేవాళ్లేమో. గదిలో ఎవరూ నవ్వలేదు. గుమాస్తా తల్లి కూడా కుచ్చుల పావడానే కట్టేది, అతను తల వంచుకున్నాడు.

బాసిలియా గుమాస్తా బల్ల దగ్గరికి నడిచి అతని కలం తీసుకుంది. ఎదురుగా ఉన్న కాగితం మీద తన పూర్తిపేరు, తల్లి ఇంటిపేరుతో సహా, తొందరపడకుండా రాసి, కింద గీత గీసి, లాయరు ముందుకు తోసింది.

"ఎనిమిది చదివాను డాక్టర్. నాలుగింట్లో మూడు సంతకాలు నావే. ఈ ఒక్కదానికి వేలెందుకు వేశానో మీ సాక్షిని అడగండి."

జడ్జి దోన్ సెవెరో వైపు తిరిగి అడిగింది. ఆయన టోపీని ఒకచుట్టు తిప్పాడు, ఇంకోచుట్టు తిప్పాడు. ఎన్నో ఏళ్ల నాటి సంగతి, గుర్తులేదన్నాడు. ఇరవైరెండేళ్ల సంఘం తీర్మానాలు తేదీలతో సహా అప్పజెప్పే మనిషికి గుర్తులేదట! లింబెర్ కుర్చీలో వెనక్కి వాలాడు. లాయరు అప్పుడే లేచి, గుర్తులేనిదానిమీద వాదన ఎందుకు అంటున్నాడు.

తలుపు దగ్గర ఏదో పెనుగులాట వినిపించింది. జాబితాలో పేరు లేకపోతే లోపలికి రాకూడదని బంట్రోతు అడ్డుపడుతున్నాడు. నా పేరు జాబితాలో లేకపోవడం ఈరోజు కొత్తకాదు నాయనా, పక్కకు జరుగు అంటోంది ఒక ఆడగొంతు. దోన్యా ఈలారియా వచ్చింది. పండక్కి కట్టుకునే పావడా, ముదురు శాలువా, తలమీద టోపీ. చేతిలో బుట్ట. లోపల ఏమీ లేదు, మడతపెట్టిన తెల్లగుడ్డ తప్ప.

బాసిలియా ఆ ఖాళీ బుట్ట చూసింది. దోన్ సెవెరో కూడా చూశాడు. ఆయనకూ అర్థమైంది, మొహంలో నెత్తురుచుక్క లేదు.

సాక్షుల పట్టికలో లేని మనిషిని వినకూడదని లాయరు ఒంటికాలి మీద లేచాడు. తను సాక్షి కాదని, ఈ పెళ్లికి పెద్దనని, ఆ పుస్తకానికి విలువ ఉంటే అందులో సగం విలువ తనదని దోన్యా ఈలారియా అంది. జడ్జి ఒకక్షణం ఆలోచించి వేడినీళ్ల సంచీ తీసి పక్కన పెట్టింది. చెప్పమంది.

"ఆ వేలికి సిరా రాసింది నేనమ్మా. కుడిచెయ్యి నా శాలువాలో చుట్టివుంది. రెండు వేళ్లు విరిగిపోయాయి, వీడు తలుపు వేసి నొక్కాడు. వంటింట్లో నేనే కట్టుకట్టాను. కలం పట్టుకోలేదంటే ఈయన వేలిముద్ర చాలన్నాడు. ఎడమచెయ్యి నేనే పట్టుకుని వేయించాను. నాలుగుసార్లు ఆ పిల్ల మొహం కడిగాను. వీడి మొహం ఒక్కసారీ కడగాల్సిన పని పడలేదు నాకు."

ఆమె మొగుడి వైపు చూడలేదు. నాకు చదువు రాదు, ఆ పుస్తకంలో ఇద్దరిదీ తప్పని రాశారని నిన్ననే తెలిసింది, ఈయన్నే చదివి వినిపించమన్నాను అని మాత్రం చేర్చింది. లింబెర్ ఏదో అనబోతే అతని లాయరే చెయ్యి పట్టి ఆపాడు.

జడ్జి బాసిలియాను దగ్గరికి పిలిచి చెయ్యి చాపమంది. ఉంగరపువేలు, దాని పక్కవేలు ఇప్పటికీ నిటారుగా రావు. అవి విరిగినప్పుడు ఎన్నిరోజులు పని మానావని అడిగింది. పాపం, జడ్జికీ లెక్క అదే తెలుసు. ఉచిత లాయరు వెనకనుంచి నెల అని చెప్పమన్నట్టు సైగ చేశాడు. మళ్లీ ఆ ప్రశ్నే. ఈసారి బాసిలియాకు దాని లోతెంతో తెలుసు. అయినా ఆమె అబద్ధం ఆడలేదు.

"ఒక్కరోజూ మానలేదు డాక్టర్. ఎడమచేత్తో పోశాను. నేను పనికి పోయానంటే వాడు మెల్లగా కొట్టాడని కాదు, నేను గట్టిదాన్నని. ఆ సున్నా నాది. వాడి ఖాతాలో రాయకండి."

ఆ మాట మాటగానే ఎక్కించమని జడ్జి గుమాస్తాకు చెప్పింది.

అన్నీ గెలిచిందని కాదు. కోర్టులో ఎవరూ అన్నీ గెలవరు. తండ్రి పిల్లను నెలకు రెండు శనివారాలు, కింది అంతస్తులోని గదిలో, సాంఘిక సేవకురాలి ఎదుట గంటసేపు చూడొచ్చు. బండి ఎక్కించడానికి వీల్లేదు. మూడో పేజీ నకలు నేరాలు చూసే విభాగానికి వెళుతుంది. మిగతాదంతా సెప్టెంబరుకు వాయిదా. పదకొండోది. కానీ రేపు శుక్రవారం జుల్మా ఇంట్లో ఉంటుంది. బాసిలియా ఆ ఒక్కమాటనే మనసులో రెండుసార్లు అనుకుంది.

గుమాస్తా నకలు తీసి, స్టాంపు కొట్టి, పుస్తకం తిరిగి ఇచ్చాడు. వరండాలో లింబెర్ ఎవరినీ నవ్వించకుండానే మెట్లు దిగిపోయాడు. దోన్ సెవెరో మాత్రం కదల్లేదు. పుస్తకం గుండెకు అదుముకుని నిలబడ్డాడు. ముసలాయన మొహం చూస్తే జాలేసేదే, ఆ తర్వాత ఆయన అన్నమాట లేకపోతే. జరిగింది జరిగింది, మనసుల్లో ఏమీ ఉంచుకోకూడదు, ఆదివారం అందరూ ఇంటికి రండి, ఈరోజు సంగతి కూడా ఒక పత్రం రాసుకుందాం, ఇరుపక్షాలూ ఒకరినొకరు అంటూ మొదలుపెట్టాడు. అలవాటు అలాంటిది మరి.

"ఆదివారం దాకా ఎందుకు పద్రీనో. ఇటివ్వండి, నేనే రాస్తా."

ఆయన ఇచ్చేలోపు పెళ్లాం ఆయన చేతుల్లోంచి తీసి ఇచ్చింది. బాసిలియా బల్ల దగ్గరికి వెళ్లింది. తొమ్మిది వాయిదాలు నిలబడి గడిపిన మనిషి, ఆ బల్ల సరిగ్గా మధ్యలో పావడా కుచ్చులు రెండువైపులా పరుచుకునేలా కూర్చుంది. నాలుగో పత్రం తర్వాత ఖాళీ పేజీ తీసి, తేదీ వేసి, ఒక్క వాక్యం రాసింది. కింద పూర్తిపేరు సంతకం చేసింది. వంకర వేళ్లకు నొప్పి పుట్టింది, కానీ అక్షరాలు తిన్నగానే వచ్చాయి.

దోన్యా ఈలారియా పక్కన కూర్చుని, ఏం రాశావో నాకు వినపడేలా చదవమంది. బాసిలియా చదివింది. వరండాలో తమ పేరు పిలుస్తారేమోనని గోడలకానుకుని నిలబడ్డ ఆడవాళ్లందరికీ వినపడింది.

"వాడు కొట్టాడు, నేను కొట్టలేదు."

దోన్ సెవెరో గోడవైపు తిరిగాడు. పెద్దావిడ లోపలికి వెళ్లి, గుమాస్తాను అడిగి సిరా డబ్బీ తెచ్చింది. మూత తీసి బల్లమీద పెట్టి, రెండు చేతులూ చాపి చూసుకుంది.

"నేనూ వేస్తా. ఏ చేత్తో వేయమంటావే?"

"మీ ఇష్టం మద్రీనా. రెండూ బాగానే ఉన్నాయిగా."

దోన్యా ఈలారియా కుడిచేతి బొటనవేలు సిరాలో ముంచి, బాసిలియా పేరు పక్కన గట్టిగా నొక్కింది.